పాత టర్బో డీజిల్ బండి తక్కువ స్పీడులో లాగకపోతే: నా అనుభవం

పాత టర్బో డీజిల్ బండి నడిపేవాళ్ళలో చాలామందికి ఈ బాధ తెలిసే ఉంటుంది. హైవే ఎక్కాక బండికి ఏ వంకా పెట్టలేం. అదే బండి ట్రాఫిక్‌లో, స్పీడ్ బ్రేకర్ దాటాక, అపార్ట్‌మెంట్ ర్యాంపు ఎక్కేటప్పుడు మాత్రం చతికిలపడిపోతుంది. యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా 1,800 ఆర్‌పీఎం వరకు ఉలకదు, పలకదు. ఆ అంకె దాటగానే ఎవరో వెనక నుంచి నెట్టినట్టు ముందుకు దూకుతుంది. ముందు వెళ్ళే ఆటోకి, మన బంపర్‌కి మధ్య జానెడు సందు ఉండే బెంగళూరు రోడ్ల మీద ఇది చిరాకు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

మాది 2012 మోడల్, 2.2 లీటర్ల కామన్ రైల్ ఇంజన్, ఏడు సీట్ల బండి. మీటరు లక్షా అరవై వేలు దాటింది. ఇల్లు హూడి దగ్గర, సొంతూరు పలమనేరు వైపు. అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకురావాలన్నా, పండక్కి అందరం కలిసి ఊరెళ్ళాలన్నా ఈ బండే. అమ్మేసి కొత్తది కొనమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఇంజన్ ఇంత శుభ్రంగా మోగుతుంటే దాన్ని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఈ కంప్లయింట్‌తో గ్యారేజీకి వెళ్తే ముందుగా వినబడే మాట "టర్బో పోయింది సార్". నేను వెళ్ళిన మొదటి చోటా అదే అన్నారు. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ బలంతో తిరుగుతూ, లోపలికి ఎక్కువ గాలి తోసే పరికరం. సర్వీస్ రోడ్డులో ఒక చుట్టు తిప్పి తెచ్చి, కొత్త టర్బోకి, లేబర్‌కి కలిపి డెబ్భై వేల పైచిలుకు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. టర్బో షాఫ్ట్‌లో ఆట (వదులు) ఉందేమో చూశారా, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) ఎంత వస్తోందో కొలిచారా అని అడిగితే, "ఈ వయసు బండ్లకు మామూలే సార్" అని జవాబు. ఇంకో చోట క్లచ్ ప్లేట్ అన్నారు. మరొకరు ఇంజెక్టర్లు నాలుగూ విప్పి టెస్ట్ బెంచీ మీద పెడదామన్నారు. వీళ్ళలో ఒక్కరూ ఒక్క అంకె కూడా చూపించలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఏ కొలతా తీయకుండా ఒక కుటుంబాన్ని డెబ్భై వేలు అడగడం న్యాయం కాదు.

అందుకే ముందు నేనే కొన్నాళ్ళు బండిని గమనించి, లక్షణాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. తర్వాత దారి చూపింది ఆ కాగితమే. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. నల్ల పొగ లేదు, నీలం పొగ లేదు. ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదు. పొద్దున చల్లటి ఇంజన్‌తో బయల్దేరితే మొదటి కొద్ది కిలోమీటర్లు బాగానే లాగుతుంది. మారతహళ్ళి బ్రిడ్జి దాకా నత్తనడకన పాకి ఇంజన్ బాగా వేడెక్కాక రోగం బయటపడుతుంది. ఒకసారి చెన్నై వెళ్ళినప్పుడు అక్కడ కాస్త మెరుగ్గా అనిపించింది. చివరి రెండు లక్షణాలూ నేను కావాలనే పెద్దక్షరాల్లో రాసుకున్నాను.

ఆ లక్షణాలను ఒక్కో అనుమానం పక్కన పెట్టి చూస్తే చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. నాలుగో గేర్‌లో నలభై మీద వెళ్తూ గట్టిగా తొక్కి చూశాను. ముల్లూ వేగమూ కలిసే నడిచాయి, కాబట్టి క్లచ్ కాదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు బలహీనపడినా ముందు దెబ్బ తగిలేది పై ఆర్‌పీఎంలోనే, ఎందుకంటే ఎక్కువ డీజిల్ కావలసింది అక్కడ. మా బండి పైన గుర్రంలా పరిగెత్తుతోంది. టర్బోయే పాడై ఉంటే, అంటే బేరింగు అరిగి రెక్కలు గోడలకు రాసుకుంటూ ఉంటే, పైన కూడా సత్తా ఉండదు. ఈల శబ్దమో, ఆయిల్ పొగో కనబడాలి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు పెద్దగా చీలినా పై ఆర్‌పీఎంలో కూడా తెలుస్తుంది. పైగా గాలి కొలిచే సెన్సార్ దాటాక లీకయితే ఈసీయూ (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటర్) ఆ పోయిన గాలికి కూడా డీజిల్ పోస్తుంది, నల్ల పొగ ఖాయం. ఇక మిగిలినవి టర్బోలో వేన్లను కదిపే ఏర్పాటు, కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్, గాలి కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్.

ఆ వేన్ల గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఈ తరం డీజిల్ బండ్లలో చాలావాటికి వేరియబుల్ జామెట్రీ టర్బో ఉంటుంది. ఇంజన్‌లో కాలి బయటికొచ్చే ఎగ్జాస్ట్ గాలి టర్బైన్ చక్రానికి తగిలే దారిలో చిన్న చిన్న రెక్కలు (ఇవే వేన్లు) గుండ్రంగా అమర్చి ఉంటాయి. నీళ్ళ పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి కదా, తక్కువ ఆర్‌పీఎంలో ఈ రెక్కలు చేసే పని కూడా అదే. దారిని ఇరుకు చేసి, ఉన్న కొద్దిపాటి ఎగ్జాస్ట్‌నే వేగంగా చక్రం మీదికి తోస్తాయి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తెరుచుకుంటాయి. మా బండిలో వాటిని కదిపేది వ్యాక్యూమ్, అంటే గాలి పీల్చేయడం వల్ల వచ్చే లాగుడు. ఇంజన్ మీదున్న పంపు వ్యాక్యూమ్ తయారు చేస్తుంది. ఎంత వదలాలో ఈసీయూ చెప్తుంది, కరెంటుతో పనిచేసే ఒక సోలెనాయిడ్ వాల్వ్ అంతే వదులుతుంది. అది సన్న రబ్బరు పైపు గుండా యాక్చుయేటర్ డబ్బాకు చేరి, లోపలి డయాఫ్రం (సాగే పొర) ద్వారా రెక్కలను కదిపే రాడ్డును లాగుతుంది. వ్యాక్యూమ్ అందకపోతే రెక్కలు తెరుచుకునే ఉండిపోతాయి. అప్పుడు కింది ఆర్‌పీఎంలో బూస్ట్ రాదు. పైన ఎగ్జాస్ట్ ఎక్కువ కాబట్టి రెక్కలు తెరిచి ఉన్నా చక్రం తిరుగుతుంది, బండి మామూలుగా లాగుతుంది. మా బండి రోగానికి ఇది అక్షరాలా సరిపోయింది.

నల్ల పొగ లేకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. లోపలికి వచ్చిన గాలిని కొలిచాకే ఈసీయూ డీజిల్ ఎంత పోయాలో నిర్ణయిస్తుంది. గాలి తక్కువైతే, మనం ఎంత తొక్కినా, పొగ రాకుండా డీజిల్‌కు కోత పెడుతుంది. అంటే కింది ఆర్‌పీఎంలో పెడల్ మన చేతిలో ఉన్నట్టే కానీ, అసలు హద్దు గీసేది గాలి.

చెన్నైలో ఎందుకు మెరుగు? బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నైలో గాలి పీడనం 101 కిలోపాస్కల్స్ అయితే ఇక్కడ 91 దగ్గర. పదో వంతు గాలి పుట్టుకతోనే తక్కువ. టర్బో బాగా పనిచేస్తుంటే ఆ లోటు పూడుస్తుంది. అసలు టర్బో గొప్పతనం లోకానికి తెలిసిందే ఎత్తులో. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానం ఇంజన్‌ను పైక్స్ పీక్ కొండ మీదికి, 14,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్ళి, పలచటి గాలిలో పోయిన బలం టర్బోతో తిరిగి వస్తుందని చూపించాడు. మా బండిలో కింది ఆర్‌పీఎంలో టర్బో ఉన్నా లేనట్టే కాబట్టి, బెంగళూరులో ఆ లోటు పూర్తిగా బయటపడేది, చెన్నైలో కొంత దాగేది. మన ఊళ్ళో ఈ కంప్లయింట్ ఎక్కువగా బాధపెడుతుందంటే అది ఊరికే కాదు.

కేఆర్ పురం దాటాక భట్టరహళ్ళి దగ్గర చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక మేస్త్రీ గురించి ఆఫీసులో ఒకాయన చెప్పారు. చింతామణి వైపు మనిషి, ఇంట్లో తెలుగే. నా కాగితం మొత్తం చదివి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వేడి మీద వచ్చినారా, చల్లారబెట్టుకొని వచ్చినారా సార్?" అని. వైట్‌ఫీల్డ్ నుంచి ట్రాఫిక్‌లో నేరుగా వచ్చానన్నాను. "ఆపొద్దండి ఇంజను. చల్లారితే దొంగ దొరకడు" అన్నారు. సరైన మనిషి దగ్గరికే వచ్చానని నాకు అప్పుడే అనిపించింది.

ముందు ఈసీయూలోని అంకెలు చదివే స్కానర్ పెట్టారు. లోపాన్ని సూచించే కోడ్‌లు ఏమీ లేవు. బూస్ట్ తగ్గిందని చెప్పే పీ0299 కోడ్ రావాలంటే కావలసిన బూస్ట్‌కూ వచ్చే బూస్ట్‌కూ తేడా కొంతసేపు అలాగే కొనసాగాలి. సిటీలో మనం ఒక్క క్షణం తొక్కి వదిలేస్తాం, ఈలోగా గేరు మారుతుంది, కోడ్ పడదు. లైటు వెలగలేదు కాబట్టి సమస్య లేదనేవాళ్ళకు ఇది అర్థమయ్యేలా చెప్పాలని నాకు చాలా కోరిక. ఒక్క నిమిషం ఇంజన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో పెట్టి మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి పీడనం) చూస్తే 91 కిలోపాస్కల్స్. ఊరి గాలి పీడనం కూడా 91. రెండూ కలిశాయి కాబట్టి సెన్సార్ అబద్ధం చెప్పడం లేదు. దీనికి పది సెకన్లు పట్టదు, ఏ గ్యారేజీలోనైనా అడగొచ్చు.

తర్వాత రోడ్డు మీదికి. మూడో గేర్, 1,500 ఆర్‌పీఎం, పూర్తిగా తొక్కాను. ఈసీయూ అడుగుతున్నది 165 కిలోపాస్కల్స్, వస్తున్నది 104. ఊరి గాలి 91 తీసేస్తే టర్బో ఇస్తున్నది పదమూడు, ఇవ్వాల్సింది డెబ్భై నాలుగు. 2,400 దగ్గర అడిగినదానికీ వచ్చినదానికీ తేడా దాదాపు లేదు. ఇన్నాళ్ళూ నా కాలికి తెలిసిన విషయం స్కానర్ తెర మీద అంకెల్లో కనబడేసరికి మనసు తేలికపడింది.

షెడ్డుకు తిరిగొచ్చాక బానెట్ ఎత్తి, టర్బో పక్కనున్న రాడ్డు చూపించారు. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆ రాడ్డు లోపలికి లాక్కోవాలి, ఆపగానే వెనక్కి రావాలి. మాది లాక్కుంది, కానీ సగంలో ఆగింది. ఇక్కడే చాలామంది టర్బో రెక్కలు మసితో బిగుసుకుపోయాయని తీర్పు చెప్పేస్తారు. మేస్త్రీ తొందరపడలేదు. ఆ రబ్బరు పైపు పీకేసి, చేత్తో కొట్టే వ్యాక్యూమ్ పంపును నేరుగా యాక్చుయేటర్‌కు తగిలించారు. గేజ్‌లో 20 అంగుళాలు (వ్యాక్యూమ్‌ను పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) వచ్చేదాకా నొక్కితే రాడ్డు ఎక్కడా పట్టుకోకుండా చివరిదాకా వెళ్ళింది, పంపు ముల్లు కదలకుండా నిలబడింది. డయాఫ్రం చిల్లు పడలేదు, రెక్కలు ఆడుతున్నాయి. డెబ్భై వేల టర్బో నిర్దోషి అని తేలింది అక్కడే.

వ్యాక్యూమ్ పంపు దగ్గర గేజ్ పెడితే 24 అంగుళాలు. మాన్యువల్స్‌లో అంతకంటే ఎక్కువ అంకె కనబడితే కంగారు పడక్కర్లేదు. సముద్ర మట్టంలో గాలి పీడనం దాదాపు 30 అంగుళాలు, బెంగళూరులో 27. ఎంత మంచి పంపయినా అంతకు మించి లాగలేదు. ఈ మూడంగుళాల తేడా తెలియక బాగున్న పంపును మార్చేసినవాళ్ళను తాను చూశానన్నారు ఆయన.

సోలెనాయిడ్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో చూశారు, 15 ఓమ్స్ దగ్గర ఉంది, బాగానే ఉంది. దానికి గాలి పీల్చుకునే చిన్న ఫిల్టర్ ఒకటి ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోయి ఉంటే దులిపారు. అయినా రాడ్డు సగంలోనే.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. యాక్చుయేటర్ దగ్గర ఒక టీ ముక్క పెట్టి, దానికి పొడవాటి పైపు తగిలించి, బానెట్ సందులోంచి కిటికీ గుండా లోపలికి తెచ్చి గేజ్‌ను డ్యాష్‌బోర్డ్ మీద టేపుతో అంటించారు. నేను నడుపుతుంటే ఆయన ముల్లు చూస్తూ కూర్చున్నారు. 1,500 దగ్గర తొక్కగానే ముల్లు పైకి లేవాలి. మాది ఎనిమిది అంగుళాల దగ్గర కొట్టుకుంటోంది. పంపు దగ్గర 24, యాక్చుయేటర్ దగ్గర 8. మధ్యలో ఎక్కడో పోతోంది.

"ఇప్పుడు మీకు కొత్త బండి చూపిస్తా" అని, సోలెనాయిడ్‌ను పక్కన పెట్టి, కొత్త పైపు ఒకదాన్ని పంపు నుంచి నేరుగా యాక్చుయేటర్‌కు వేశారు. 2,000 దాటనివ్వొద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే రెక్కలు పూర్తిగా మూసుకుని ఉంటాయి, పైకి వెళ్తే బూస్ట్ అదుపు తప్పి ఇంజన్‌కే ప్రమాదం. ఇది మెకానిక్ పక్కన ఉంటేనే, రెండు నిమిషాల పాటే చేయాల్సిన పరీక్ష. రెండో గేర్‌లో 1,300 దగ్గర మెల్లగా తొక్కాను. బండి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఎలా లాగేదో అలా లాగింది. పక్కన మేస్త్రీ ఉన్నా నోరారా నవ్వేశాను.

సోలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కు వెళ్ళే పైపు ఇంజన్ వెనకగా, ఎగ్జాస్ట్ హీట్ షీల్డ్‌కు నాలుగు వేళ్ళ దూరంలో వంగి దిగుతుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. తొడుగు చీల్చి తీశాక వేళ్ళతో తడిమితే వంపు దగ్గర రబ్బరు పెళుసెక్కి గరుకుగా తగిలింది. నిటారుగా పట్టుకుంటే ఏమీ కనబడదు. వంచగానే గోరంత పొడవు చీలిక నోరు తెరిచింది, వదలగానే మూసుకుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక అతుక్కుని ఉండేది, వేడికి రబ్బరు మెత్తబడి, ఇంజన్ ఊగినప్పుడల్లా తెరుచుకునేది. పొద్దున బాగుండి మారతహళ్ళిలో మొండికేయడానికి కారణం ఇదీ. సర్వీస్‌కు ఇచ్చి వదిలేస్తే, వాళ్ళు సాయంత్రం చల్లారిన బండిని చూసి అంతా బాగుందని చెప్పడానికి కారణం కూడా ఇదే.

పైపు కోసం బండ్ల విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకు వెళ్ళాను. ఏదో ఒక రబ్బరు పైపు అయితే చాలదు. వ్యాక్యూమ్‌కు గోడ మందంగా ఉండాలి, పలచటి సిలికాన్ పైపు లోపలికి నొక్కుకుపోయి అదే రోగం మళ్ళీ తెస్తుంది. లోపలి కొలత పాతదానికి సరిగ్గా సరిపోవాలి. వేడిని తట్టుకునే రకం అడిగి, ఆ ఒక్క ముక్కకే కాకుండా మొత్తం వ్యాక్యూమ్ లైన్లన్నిటికీ సరిపడా తీసుకున్నాను. ఒకటి పెళుసెక్కిందంటే అదే వయసున్న మిగతావి కూడా ఆ దారిలోనే ఉంటాయి. అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

పైపులు మార్చాక 1,500 దగ్గర 104 కాస్తా 138 అయింది. నేనైతే అక్కడితో సంతోషంగా ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి. మేస్త్రీ ఒప్పుకోలేదు. "165 అడుగుతుంటే 138కి ఎట్ల వదిలేది సార్?" ఆయన అనుమానం ఈజీఆర్ మీద. తొక్కినప్పుడు అది పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే కాలిన పొగ తిరిగి లోపలికి వచ్చి మంచి గాలి చోటు ఆక్రమిస్తుంది, టర్బైన్‌కు వెళ్ళాల్సిన ఎగ్జాస్ట్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. విప్పితే వాల్వ్ సీటు మీద మిరియపు గింజంత మసి పెళ్ళ ఇరుక్కుని ఉంది. ఇన్‌టేక్ గొట్టం లోపల ఆయిల్‌తో కలిసిన మసి వేలి మందాన పేరుకుంది. ఔటర్ రింగ్ రోడ్డులో గంటల తరబడి ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే బండికి ఇది తప్పదు.

ఇక్కడ చాలా గ్యారేజీల్లో ఇచ్చే సలహా ఒకటుంది, రేకు ముక్క పెట్టి ఈజీఆర్‌ను బ్లాక్ చేయమని. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికే అది పెట్టారు. మనం పీల్చే గాలి అది, మన పిల్లలు పీల్చే గాలి. మేస్త్రీ కూడా రేకు పెట్టనన్నారు. వాల్వ్, గొట్టం శుభ్రంగా కడిగి, సీటు మీద డీజిల్ పోసి కారడం లేదని చూసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించారు. ఎయిర్‌ఫ్లో సెన్సార్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో, చెయ్యి తగలకుండా కడిగి ఆరబెట్టారు.

మళ్ళీ అదే రోడ్డు, అదే గేరు, ఇంజన్ బాగా వేడెక్కాక. 1,500 దగ్గర 158. 1,700కి వచ్చేసరికి అడిగినదీ వచ్చినదీ కలిసిపోయాయి. పైకి తీసుకెళ్ళి బూస్ట్ హద్దు దాటడం లేదని కూడా చూశారు. ఇన్నాళ్ళు సగం దూరమే కదిలిన రెక్కలు ఇప్పుడు మొత్తం కదులుతున్నాయి కాబట్టి ఎక్కడైనా పట్టుకుంటే ఎదురు ప్రమాదం, అధిక బూస్ట్, వస్తుంది. రాలేదు. లేబర్, గ్యాస్కెట్, స్ప్రేలతో కలిపి మొత్తం ఖర్చు ఆ ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా కాలేదు. ఆయన అడిగినదానికంటే కొంత ఎక్కువే ఇచ్చాను, మొహమాటపడుతూ తీసుకున్నారు.

ఇప్పుడు ఈసీయూ అంకెలను ఫోన్‌లో చూపించే చిన్న ఓబీడీ డాంగిల్ ఒకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకున్నాను. నెలకోసారి వేడి ఇంజన్‌తో మూడో గేర్‌లో 1,500 దగ్గర ఆ అంకె చూసి డైరీలో రాస్తున్నాను. వారానికోసారి హొసకోటె దాటాక కోలార్ రోడ్డులో కాసేపు మూడో గేర్‌లోనే 3,000 ఆర్‌పీఎం దాకా నడపమని మేస్త్రీ చెప్పారు, మసి పేరుకోకుండా ఉంటుందని. ఆ రోడ్డులోనే ఊరికి వెళ్తాం కాబట్టి అదేమీ కష్టం కాదు. సోలెనాయిడ్ చిన్న ఫిల్టర్‌ను మాత్రం వచ్చే సర్వీస్‌లో కొత్తది వేయాలి.